తోడుగా ఎవరైనా వచ్చారా

ఆంబులెన్సులో పనిచేసే తన మొగుడి గుండె రెండు అరల బీరువా అని ఆమె అందరితో నవ్వుతూ చెప్పేది. ఒక అర డ్యూటీది, ఇంకోటి ఇంటిది. ఎంత ఘోరం చూసొచ్చినా గుమ్మం బయటే చెప్పులతోపాటు వదిలేసి, లోపలికొచ్చి కూరలో ఉప్పు తక్కువైందని గొడవ పెట్టుకునేవాడు. ఏం జరిగిందని అడిగితే, నీకెందుకే అవన్నీ అని మాట దాటేసేవాడు. ఆఫీసు చిరాకంతా పెళ్ళాం మీద చూపించే పక్కింటాయనతో పోలిస్తే తన మొగుడు బంగారమని ఆమె మురిసిపోయేది కూడా. వెర్రిబాగులది. డ్యూటీ అరకు వేసిన తాళం ఏదో ఒకరోజు ఇంటి అరకూ పడుతుందని ఆమెకేం తెలుసు?

పెళ్ళైన ఎన్నేళ్ళకో నిలిచిన కడుపు. ఆరో నెలలో ఒక మధ్యాహ్నం స్నానాలగదిలో జారిపడింది. రక్తం చూసి ఆంబులెన్సుకు ఫోను చేస్తే, దగ్గర్లో ఉన్న బండి అతనిదే. తలుపు తోసుకుని వచ్చింది తన మనిషేనని చూడగానే ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

అతను చెయ్యి వణక్కుండా సూది గుచ్చి సెలైను పెట్టాడు. బండి కదిలాక, స్పృహ ఉందో లేదో చూడటానికి ఎవరినైనా అడిగే ప్రశ్నలే అడిగాడు.

"అమ్మా, మీ పేరేంటి?"

ఆమె నిర్ఘాంతపోయింది. అయినా చెప్పింది.

"తోడుగా ఎవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదండీ," అంది.

బిడ్డ దక్కలేదు. ఆమెను ఆసుపత్రిలో అప్పగించి అతను ఇంకో కేసుకు వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చాక వేళకు మందులిచ్చాడు, అంట్లు తోమాడు, బట్టలు ఉతికాడు. బిడ్డ మాట మాత్రం ఎత్తలేదు. ఒక సాయంత్రం ఆమె ఉండబట్టలేక అడిగేసింది, బండిలో తనను గుర్తుపట్టలేదా అని.

అతను మడతపెడుతున్న బట్టలు పక్కన పెట్టాడు.

"గుర్తుపడితే నా చేతులు ఆడేవి కావు," అన్నాడు.

"ఇప్పుడు ఆ చేతులతో పనిలేదు కదా. ఇప్పుడైనా గుర్తుపట్టండి. బిడ్డ మనిద్దరిదీ. నేనొక్కదాన్నే ఏడవలేకపోతున్నాను."

అతను పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. హమ్మయ్య, ఇన్నాళ్ళకు వచ్చాడు అనుకుని ఆమె బావురుమంది. ఏడ్చి ఏడ్చి తలెత్తి చూస్తే, అతని వేళ్ళు ఆమె మణికట్టు మీదున్నాయి, చూపు గోడగడియారం మీదుంది.

"నాడి బాగానే కొట్టుకుంటోంది," అన్నాడు, ఆమెకు ధైర్యం చెబుతూ.