అవ్వ నేసిన గుడ్డ, బాపు తిన్న ముక్క

మా తిరుమలగిరి చర్చి ప్రతిష్ఠను ఫోన్లో లైవ్ చూసినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే ముందే దండం పెడుతున్నాను, నవ్వకండి. చూడనివాళ్లు అదృష్టవంతులు. ఆ ఘోరం వాళ్లకోసమే చెబుతున్నాను. ఆ ఒక్క రోజులో మా అవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి, మా బాపు పరువు పోయింది, నా నెత్తి బొప్పి కట్టింది. మూడింటికీ కారణం నేనే.

అప్పుడే నా డిగ్రీ అయిపోయింది. పొద్దస్తమానం ఫోను నొక్కుతూ కూర్చునేదాన్ని. అది చూసి మా పాస్టర్ అయ్యగారు, ఈ నొక్కుడేదో దేవుని పనికి నొక్కితే బాగుంటుందని నన్ను నల్లగొండకు ట్రైనింగుకు పంపారు. ఊరూరి చర్చిల్లో వీడియోలు, మైకులు, వాట్సాప్ గ్రూపులు చూసుకునే వలంటీర్లకు అక్కడ పని నేర్పుతారు. నేర్పిన సారు మంచివాడు. ఒక్కో మాట వేలు మడిచి మరీ చెప్పాడు.

"స్టాండు మర గట్టిగ బిగించాలె. లైవ్ నడుస్తున్నంత సేపు ఫోన్లు రాకుంట బంద్ వెట్టాలె. అందరు ఫోన్లు లేపితే ఆరాధన ఖరాబైతది, ఒక్కలే తియ్యాలె. ఇగ ఆఖరు మాట, మనసుల వెట్టుకోండ్రి. ప్రార్థనప్పుడు అందరు కండ్లు మూస్కుంటరు. మీరు మూస్కోవద్దు. మీరు చూసుడే మీ ప్రార్థన."

అన్నింటికీ తల ఊపాను. మెడలో కార్డు వేసి పంపారు. ఆ కార్డుతో ఊళ్లో బస్సు దిగాను చూడండి, కలెక్టరమ్మ తనిఖీకి వచ్చినట్టే. పాలకు పోయినా కార్డే, పిండి మరకు పోయినా కార్డే.

"ఏందే, మెడల గా బిళ్ల?" అన్నాడు మా బాపు.

"వలంటీర్ బాపూ. కమ్యూనికేషన్ వలంటీర్."

"గట్లనా! పోయి మేకకు గింత ఆకు వేసి రా, వలంటీరు."

ఇంటివాళ్లు ఎప్పుడూ ఇంతే, మనిషి విలువ తెలియదు. ఒక్క మా అవ్వకే, అంటే మా నానమ్మకే, నా మీద నమ్మకం. మాది నేత ఇల్లు. కొత్త చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభువు బల్ల మీద పరచడానికి అవ్వ తన మగ్గం మీద ఒక గుడ్డ నేసింది. తెల్లటి నూలు, ఎర్రటి అంచు, రెండు కొసలకూ గోధుమ కంకులు. చూపు ఆనకపోయినా, నడుము పట్టేసినా ఇంకొకరిని చెయ్యి వేయనివ్వలేదు. తీరా ప్రతిష్ఠకు వారం ముందు నల్లా దగ్గర జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. నల్లగొండ దవాఖానాలో పడుకోబెట్టారు.

"నాకు పండుగ వద్దు, బువ్వ వద్దు," అంది నా చెయ్యి పట్టుకుని. "నా గుడ్డ బల్ల మీద పరుస్తుంటే ఒక్కపారి కండ్లార చూడాలె. చూపిస్తవా బిడ్డా?"

"ఫికర్ చెయ్యకు అవ్వా. ట్రైనింగ్ అయినదాన్ని. చర్చినే నీ మంచం కాడికి తెస్త."

మా బాపు కూడా తక్కువ తినలేదు. తల్లి మీద ప్రేమకొద్దీ లేచి నిలబడి, ప్రతిష్ఠ ప్రార్థన అయ్యేదాకా ఉపవాసం ఉంటానని సంఘమంతటి ముందూ మాటిచ్చాడు. ఆ రోజు వంటల బాధ్యత కూడా ఆయనకే అప్పజెప్పారు. ఇక్కడే ఏదో తేడా కొడుతోందని మీకు తెలుస్తోంది కదా, మాకు తెలియలేదు.

ప్రతిష్ఠ రోజు మైకు అందుకుని హుకుం జారీ చేశాను. "వీడియో నేను తీస్తున్న. మీ ఫోన్లన్ని జేబులల్ల వెట్టుకోండ్రి."

"మా బామ్మర్ది సౌదీల ఉన్నడు బిడ్డా, ఒక్క ఫోటో," అన్నాడొక పెద్దాయన.

"ఆయన గూడ నా లైవే చూస్తడు తాతా. లోపల వెట్టు."

పాపం, పెట్టేశాడు. బల్లకు ఎదురుగా స్టాండు నిలబెట్టాను. ఫోన్లు రాకుండా బంద్ పెట్టాను. అక్కడ దవాఖానాలో మా మేనత్త అవ్వ ముందు ఫోను పట్టుకుని కూర్చుంది. వార్డులో సగం మంది మంచం చుట్టూ చేరారట. పాటలు బాగా వచ్చాయి. ఇద్దరు ఆడవాళ్లు పళ్లెంలో అవ్వ గుడ్డ తెచ్చారు. అయ్యగారు బల్ల ముందుకొచ్చి, "కండ్లు మూసుకొని ప్రార్థన చేద్దం," అన్నారు.

ఇక్కడ నా పెంపకం గురించి ఒక మాట చెప్పాలి. ప్రతి ఆదివారం అవ్వ పక్కనే కూర్చునేదాన్ని. ప్రార్థనలో నా రెప్ప వెంట్రుకంత లేచినా నెత్తిన మొట్టికాయ పడేది. కళ్లు మూసుకున్న మనిషికి నేను తెరిచిన సంగతి ఎలా తెలిసేదో నాకు అంతుపట్టేది కాదు, పరిశుద్ధాత్మ చెబుతాడనుకునేదాన్ని. అలా పెరిగినదాన్ని కదా, ఆ మాట చెవిన పడగానే దుకాణం షట్టర్ దించినట్టు నా కళ్లు మూతపడ్డాయి. ట్రైనింగు సారు ఏమైపోయాడో, ఆయన మడిచిన వేళ్లు ఏమైపోయాయో!

మా అయ్యగారి ప్రార్థన సృష్టితో మొదలై, ప్రవక్తలందరినీ పలకరించి, వానలనూ ఎమ్మెల్యేనూ దీవించి, తీరిగ్గా తిరుమలగిరి చేరుతుంది. ఈలోపు నేను బిగించని స్టాండు మర తన పని తాను చేసుకుంది. పక్కనే అటూ ఇటూ తిరిగే ఫ్యాను. గాలి తగిలినప్పుడల్లా ఫోను కొంచెం కొంచెం పక్కకు జరిగి, బల్లను వదిలి, గోడ దాటి, కిటికీ దగ్గర ఆగింది. కిటికీ అవతల వంటలు.

"ఆమెన్" అని కళ్లు తెరిచాను. ఫోన్లో బల్ల లేదు, గుడ్డ లేదు. తెర నిండా ఉపవాసంలో ఉన్న మా బాపు. మటన్ డేగిసా పక్కన గొంతుకూర్చుని, ముక్క ఊదుకుని నోట్లో వేసుకుని, భేష్ అన్నట్టు తల ఊపుతున్నాడు. కింద వరసగా కామెంట్లు.

"ముక్క ఉడికిందా అన్నా?"

"ఇంతకు ఉపాసం ఎవరిది?"

వాటి మధ్యలో మా మేనత్త మళ్లీ మళ్లీ పెట్టిన మాట ఒకటే: "ఫోన్ తిప్పవే. అమ్మ ఏడుస్తాంది."

బల్ల వైపు చూస్తే, ప్రార్థన నడుస్తుండగానే గుడ్డ పరిచేశారు, మడతలు కూడా సరిచేసేశారు. ఇంకెవరైనా తీశారా అంటే, అందరి ఫోన్లూ జేబుల్లో పెట్టించిన మహాతల్లిని నేనే. కోపమంతా బాపు మీదికి మళ్లింది, కిటికీ దగ్గరికి ఉరికాను.

"ఉపాసం అంటివి గదా!"

"ఉప్పు చూసిన బిడ్డా."

"ఎన్ని ముక్కలు చూస్తవ్?"

"అడుగుది, నడిమిది, మీదిది. డేగిసాల అన్ని జాగలల్ల ఒక్కతీరు ఉంటదా?"

మేనత్తకు ఫోను చేస్తే అవ్వకు ఇచ్చింది.

"ఏమైందే? కండ్లు తిరిగి పడ్డవా?"

"కండ్లు మూస్కున్న అవ్వా. ప్రార్థన గదా."

"చిన్నప్పటిసంది మూస్కోమంటే మూస్కోకపోతివి. నీకు ఇయ్యాల్నే దొరికిందా?" అంది. నేను సంఘం మధ్యలో నిలబడి భోరుమన్నాను.

అయ్యగారు పోయి బల్ల మీది గుడ్డ మడిచి తెచ్చారు. "అవ్వ రాలేకపాయె. గుడ్డనే పోతది, నడువుండ్రి," అన్నారు. కార్డు తీసి జేబులో వేసుకుని బండెక్కాను. బాపు కూర గిన్నె పట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా బండిలో ఓ మూల కూర్చున్నాడు.

దవాఖానాలో మంచం పక్కన మందులు పెట్టే చిన్న బల్ల ఉంది. గోలీలన్నీ తీసేశాం. నర్సమ్మ "తొందరగ కానియ్యుండ్రి" అని కసిరి, తానూ అక్కడే నిలబడింది. నేను ఫోను రెండు చేతులా పట్టుకున్నాను, ఈసారి స్టాండును కూడా నమ్మలేదు. "కండ్లు మూసుకొని ప్రార్థన చేద్దం," అన్నారు అయ్యగారు. వార్డంతా మూసుకుంది. నేను మాత్రం మంట పుట్టేదాకా తెరిచే ఉంచాను. ఫోన్లో తెల్లటి గుడ్డ మెల్లగా బల్ల మీద పరుచుకుంది. ఎర్రటి అంచు, గోధుమ కంకులు. ఆ వెనక మా అవ్వ. చేతులు జోడించింది, తల వంచింది, కళ్లు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. అంచును పోగు పోగునా చూసుకుంటోంది, చెంపల మీద నీళ్లు కారిపోతున్నాయి. అంతలో తలెత్తి నన్ను చూసింది.

ఆమెన్ అనడమే ఆలస్యం, "అవ్వా, నువ్వు కండ్లు తెర్సినవ్!" అన్నాను.

"తెర్వకపోతే నువ్వు తెర్సింది ఇన్నేండ్లు నాకెట్ల తెలుస్తుండె? ఇటు రా."

ముద్దు పెడుతుందని వంగాను. ఠంగుమని మొట్టికాయ. "గిది పొద్దుగాలదానికి," అని, కొట్టినచోటే నిమిరింది. తర్వాత బాపు వైపు తిరిగింది. "నువ్వు గూడ రా కొడుకా. ముక్కకొకటి."

కాబట్టి మా అవ్వ గుడ్డ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కెమెరా నా చేతిలో ఉన్నంతకాలం, ఎంత గొప్పవారు ఎంత గొప్ప ప్రార్థన చేసినా రెప్ప వాల్చను. మా చర్చిలో ప్రార్థనవేళ గుడ్లప్పగించి నిలబడ్డ మనిషి మీకు కనబడితే భక్తి లేనిదనుకోకండి, డ్యూటీలో ఉంది. అయినా ఆ మనిషి మీకు కనబడిందంటే మీరూ కళ్లు తెరిచినట్టే కదా. నెత్తి జాగ్రత్త, అవ్వ ఇప్పుడు మళ్లీ ముందు వరసలోనే కూర్చుంటోంది.