అద్దాల గదికి మా పెద్దత్త చెప్పిన ధర

నా చిన్నప్పుడు మా ఊళ్లో గోడలూ పైకప్పూ అన్నీ అద్దాలతోనే కట్టిన గది ఒకటి ఉండేది. కుందుర్పి వైపు మెట్టపొలాల మధ్య ఉన్న మా పల్లెలో కిటికీకి అద్దమున్న ఇళ్లే తక్కువ. ఊరి పెద్దాయన బెంగుళూరులో ఎవరి బంగళాలోనో అటువంటి గది చూసి వచ్చి, తన మిద్దెకు ఆనించి కట్టించుకున్నాడు. లోపల పూలకుండీలు, పేము కుర్చీలు వేయించాడు. మా ఎండలకు పొద్దెక్కితే ఆ గదిలో ఎవరూ కూర్చోలేకపోయేవారు. మొక్కలు మొదటి వేసవికే మాడిపోయాయి. అయినా పెద్దమనుషులు వస్తే ఆయన వాళ్లను తీసుకెళ్లి కూర్చోబెట్టేది అక్కడే.

ఆ ఏడు వానలు పడలేదు. ఊరి బావులు అడుగంటాయి. ఆడవాళ్లు ఎండిన వంక ఇసుకలో చెలమలు తవ్వి, చిప్పతో తోడి బిందె నింపుకునేవారు. పెద్దాయన కాంపౌండు లోపలి బావిలో మాత్రం నీళ్లుండేవి. గేటుకు తాళం ఉండేది.

అటువంటి రోజుల్లో, పంచాయతీ సమితి ప్రెసిడెంటు పదవికి ఆయన పేరు ఖాయం చేయడానికి పార్టీ పెద్దలు వస్తున్నారని కబురు వచ్చింది. అద్దాల గది చూస్తే ఎర్రదుమ్ము, కాకిరెట్టలతో లోపలేముందో కనబడకుండా ఉంది. అప్పుడాయన మా పెద్దత్తకు కబురు పంపాడు. మా నాయనకు అక్క ఆమె. మామ పోయాక కొన్నేళ్లు బెంగుళూరు బంగళాల్లో అద్దాలు తుడిచే పని చేసి ఊరికి తిరిగొచ్చింది. మా ఇంట్లోనే ఉండేది.

నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. వెళ్లగానే పని మొదలుపెట్టలేదు. గది చుట్టూ ఒకసారి తిరిగింది. మిద్దెక్కి పైకప్పు చూసింది. ఒక అద్దం మీద వేలితో గీసి, వేలికంటిన దుమ్మును చూసుకుంది. కిందికి దిగాక పెద్దాయన, "పని కానీమ్మా, ఎంతో కొంత ఇస్తాలే" అన్నాడు.

"ధర మాట్లాడుకోకుండా నేను బట్ట తడపను అన్నా" అంది అత్త. "నేను పని చేసినంతసేపూ గేటు తెర్సి ఉండల్ల. మా వీధోళ్లు నీళ్లు తోడుకోవల్ల. అదే నా కూలి."

ఆయన నవ్వాడు. మగకూలీ కంటే ఎక్కువే ఇస్తానన్నాడు.

"దుడ్లు నోట్లో పోసుకుంటే గొంతు తడుస్తాదా అన్నా?"

ఆయన మొహం చిట్లించాడు. కానీ ఆ పైకప్పు అద్దాల జోలికి వెళ్లే ధైర్యం ఊళ్లో ఇంకెవరికీ లేదు. సరేనన్నాడు.

మరునాడు తెల్లవారకముందే వెళ్లాం. అద్దం వేడెక్కితే నీళ్లు చారలు కట్టి ఆరిపోతాయని అత్త తొందర. ముందు లోపలంతా పొడిబట్టతో దులిపి, తరువాత తడిబట్టతో తుడిచి, పాత పేపరు ఉండచేసి మెరిసేదాకా రుద్దాము. ఆ తరువాత మిద్దె మీదికెక్కి, వెదురుకర్రకు గోనెపట్ట కట్టి, పైకప్పు మీద కాకిరెట్టలు నానడానికి నీళ్లు చిలకరించింది. కింద గేటు దగ్గర మా వీధి ఆడవాళ్లు బిందెలతో వస్తున్నారు, పోతున్నారు. సంగతి తెలిసి పక్క వీధుల వాళ్లూ వచ్చారు. గిలక చప్పుడు ఆగకుండా వినబడుతోంది.

ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగింది. వచ్చే పెద్దలు ఈ బిందెల వరుస చూస్తే పరువేముంటుందని పెద్దాయన అందరినీ బయటికి పంపి గేటు వేయించాడు.

అత్త చేతిలో కర్ర పక్కన పెట్టి, మిద్దె పిట్టగోడ మీద కూర్చుంది. పైకప్పు మీద నానిన ఎర్రమట్టి కారి, బయటి అద్దాల మీదికి చారలు చారలుగా దిగుతోంది. గది ముందుకంటే అధ్వాన్నంగా తయారైంది.

"ఏమ్మా, కూర్చున్నావే!" అని కిందినుంచి అరిచాడు ఆయన.

"గేటు తెర్సు అన్నా, పని నడుస్తాది."

ఆయన జీతగాణ్ణి పైకి పంపాడు. అతను వచ్చి కర్రను చూశాడు, మా అత్తను చూశాడు. "నాకు చేతగాదు సామీ, అద్దం పగిల్తే నన్నంటారు" అని దిగిపోయాడు. అతనిదీ మా వీధే.

అప్పుడు పెద్దాయన గొంతు మారింది. "నీ తమ్మునికి రేపట్నుంచి నా చేన్లో అడుగు పెట్టొద్దని చెప్పు!"

మా నాయన ఆయన చేన్లోనే కూలికి పోయేవాడు, వేరే పని లేదు. "అత్తా, దిగుదామా?" అన్నాను.

ఆమె నావైపు తిరగలేదు. "బువ్వకు ఎట్లో పడ్తాం పాపా. నీళ్లకు యాడికి పోతాం? ఆయప్ప మాట ఇచ్చినాడు. ఇచ్చిన మాట అడిగేదానికి మనమెందుకు బయపడల్ల?" అంది. చీరకొంగును వేళ్లకు గట్టిగా చుట్టుకుంది.

గేటు బయట ఆడవాళ్లు ఇళ్లకు పోలేదు. ఖాళీ బిందెలు ముందు పెట్టుకుని దారి పక్కనే కూర్చున్నారు. పెద్దల జీపు పక్క ఊరు దాటిందని ఎవరో సైకిలు మీద వచ్చి చెప్పారు. పెద్దాయన కాసేపు అటూ ఇటూ తిరిగాడు. మట్టి చారలవైపు చూశాడు. చివరికి తనే వెళ్లి గేటు తీశాడు.

మొదటి బిందె బావిలోకి దిగిన చప్పుడు విన్నాకే అత్త లేచింది. ఆ తరువాత ఆమె చేతివేగం చెప్పలేను. పైనుంచి కింది దాకా కడుగుతూ వచ్చింది. నేను వెనకే పొడిబట్టతో తుడిచాను.

జీపు వచ్చేసరికి అద్దాలు తళతళలాడుతున్నాయి, ఆడవాళ్లు ఇంకా నీళ్లు తోడుతూనే ఉన్నారు. వచ్చిన వాళ్లలో పెద్దవయసాయన ఆగి చూసి, "కరువులో ఊరికి నీళ్లిస్తాండావు, మనిషంటే ఇట్లుండల్లప్పా" అని పెద్దాయన భుజం తట్టాడు. పెద్దాయనకు నవ్వక తప్పలేదు. ఆ మాట పడ్డాక గేటుకు తాళం వేయడమూ కుదరలేదు. మళ్లీ వానలు పడేదాకా మా వీధి ఆ నీళ్లే తాగింది.

కానీ పెద్దాయన అన్నంత పనీ చేశాడు. మా నాయనను చేన్లోకి రానివ్వలేదు. నాయన ఆ రాత్రి అత్తను చాలా మాటలన్నాడు. వారం తిరక్కుండా నాయన కట్టడం పనులకు బెంగుళూరు పోయాడు. మా అమ్మ అత్తతో చాలాకాలం సరిగా మాట్లాడలేదు. అయితే పొద్దున్నే బిందె తీసుకుని ఆ గేటులోకి వెళ్లేటప్పుడు మాత్రం అందరికంటే ముందు నడిచేది.

పెద్దయ్యాక నేను పెళ్లిళ్లకు వంటలు చేస్తూ బతికాను. ఎంత గొప్పింటి వాళ్లు పిలిచినా, పొయ్యి వెలిగించక ముందే నాకేం కావాలో చెప్తాను. దీని నోరు పెద్దదని వెనక్కి పోయినవాళ్లూ ఉన్నారు. ఇన్నేళ్లయినా ఆ మాట చెప్పేటప్పుడు నాకు కొంచెం భయమేస్తుంది. అయినా చెప్తాను. చెప్పాక తల దించను.