ఎడమచేతి కత్తెర

మా అక్కది ఎడమచేతి వాటం. మామూలు కత్తెర ఆ చేతికిస్తే గుడ్డ తెగదు, రెండు రెక్కల మధ్య మడతపడి నలిగిపోతుంది. అందుకే వీధి చివరి కమ్మరి, రెక్కలు తిరగేసి ఆమె కోసమే ఒకటి చేసిచ్చాడు. దర్జీ కొట్టు నడిచిందీ, కొడుకు చదువు నడిచిందీ దానిమీదే.

ఆ కొడుక్కి ఊళ్ళో తయారైనదంటే చిన్నచూపు. సబ్బు దగ్గర్నుంచి చెప్పుల దాకా ఓడ దిగి రావాల్సిందే. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు, వీడికి పెరడే పనికిరాదు. నేను వాణ్ణి ఫారిన్ దొర అంటాను, మొహంమీదే.

ఒకరోజు మఖ్మల్ పెట్టెలో విదేశీ కత్తెర తెచ్చాడు. బోలెడు ఖరీదట. పాతదాన్ని మాకు చెప్పకుండానే తుక్కు సామాన్లవాడికి ఇచ్చేశాడు.

“ఇది నా చేతికి రావట్లేదురా” అంది అక్క.

“మొదట్లో అలాగే ఉంటుందమ్మా. అలవాటు పడాలి. సరుకు ఎక్కడిదో చూడు.”

అక్క బొటనవేలు బొబ్బలెక్కింది. చాలాకాలంగా మా దగ్గరే కుట్టించుకునే ఒకావిడ కోటు గుడ్డ, ఎలక కొరికినట్టు తెగింది. ఆవిడ మిగిలిన గుడ్డ పట్టుకుపోయింది. ఇంకొందరు ఇలాగే పోతే కొట్టు మూసుకోవాల్సిందే. దొర మాత్రం, “నీ చూపు తగ్గిందేమో” అన్నాడు. వాడి మొహం చూడాలంటేనే అసహ్యమేసింది.

నేనే అక్కను కమ్మరి దగ్గరికి లాక్కెళ్ళాను. బేరాల్లేక కొలిమి ఎత్తేసే ఆలోచనలో ఉన్నాడతను. అయినా అక్క చెయ్యి చూసి, “వేళ్ళు లావెక్కాయి చెల్లెమ్మా, పిడి కాస్త వెడల్పు చేస్తాలే” అన్నాడు.

అతను చేసిచ్చిన కొత్త కత్తెరతో అక్క గుడ్డ కోస్తుంటే దొర వచ్చి నిలబడ్డాడు.

“అదేంటి, ఎడమచేత్తో కోస్తున్నావు?”

“ఎప్పుడూ అంతేగా” అన్నాను.

“ముందే చెప్పొచ్చుగా పిన్నీ. ఎడమచేతివాళ్ళకి అక్కడ వేరే మోడల్ ఉంటుంది. అదే తెప్పించేవాణ్ణి.”

ఆ చేత్తోనే అక్క వాడి తల దువ్వింది, ఆ చేత్తోనే చెంపలు వాయించింది. ఏ చెంప మండిందో కూడా గుర్తులేదు వెధవకి.

“నువ్వు పుట్టిన దగ్గర్నుంచీ ఈ చెయ్యేరా” అంది అక్క, గుడ్డమీంచి తలెత్తకుండా.