ఓడలో రెండో మంచం

మా వియ్యపురాలు పోయిందన్న కబురు మా ఊరి ఆటో అతను తెచ్చాడు. నేను నమ్మలేదు. మా ఊరు చర్ల దాటి ఇంకా లోపలికి. అక్కడ ఫోన్లు మోగవు. పెళ్ళి కబురైనా చావు కబురైనా చర్లలో సిగ్నల్ ఉన్నచోట ఎవరి చెవినో పడి, రోడ్డు గుంతలన్నీ దాటుకుని మా దాకా రావాలి. అంతదూరం వచ్చేసరికి ఒకరి చావు ఇంకొకరి మీద పడ్డ సంగతులు నాకు తెలుసు.

“ఏ వియ్యపురాలురా? మణుగూరు ఆమెనా?”

“అవ్ అవ్వా. నర్సమ్మే.”

“ఎవలు చెప్పిండ్రు? వాడు తాగి ఉన్నడా?”

“నీ బిడ్డనే ఫోన్ చేసింది అవ్వా.”

“నా బిడ్డ గొంతు నువ్వెన్నడిన్నవ్?”

అతను నన్ను ఆటోలో కూర్చోబెట్టి సిగ్నల్ దొరికే చోటికి తీసుకుపోయి, ఫోన్ కలిపి నా చెవికి పెట్టాడు. అటు నా కూతురు ఏడుస్తోంది. “అత్తమ్మ పొద్దుగాల చాయ్ తాగింది. జర పండుకుంట అని పోయింది. మళ్ళ లేవలే అమ్మా.” నేను అడిగాను, “ఎవలన్న చెయ్యి పట్టి సరిగ్గ చూసిండ్రా?” నా కూతురు ఫోన్ పెట్టేసింది. అప్పుడు నమ్మాను.

నాకు అక్షరం రాదు. నేను చెప్తుంటే నా కూతురు రాస్తోంది. ఒక్క మాట మార్చినా వేరేవాళ్ళతో చదివించుకుని పట్టుకుంటానని ముందే చెప్పాను. మా వియ్యపురాలి చర్చి సంఘంలో మనిషి పోతే జ్ఞాపకార్థ కూడిక పెట్టి, పోయిన మనిషి గురించి చిన్న పుస్తకం వేసి పంచుతారు. మీ చేతిలో ఉన్నది అదే. ఇందులో ఆమె ప్రార్థన గురించి, ఉద్యోగం గురించి, మంచితనం గురించి వేరేవాళ్ళు రాశారు. ఆమె ఎక్కిన ఓడల గురించి ఎవరూ రాయలేదు. రాయొద్దని ఆమె తమ్ముడు చెప్పాడు. ఆయన రిటైరైన సారు, సంఘంలో పెద్ద. ఆయన మాట ఎవరూ దాటరు.

“ఎందుకు రాయొద్దు సారూ?” అని అడిగాను.

“అమ్మా, ఒక్క మనిషి ఓడెక్కి పోయి ప్రతిసారి ఇద్దరుండే గది తీసుకుంటే నలుగురు ఏమనుకుంటరు? ఇప్పటికే అనుకుంటున్నరు. అక్క పోయింది. ఆ ముచ్చట గూడ ఆమెతోనే పోనియ్యి.”

పోనిస్తే నలుగురూ అనుకున్నదే నిలబడిపోతుంది. ఆమె తోడబుట్టినవాడే దాచాడంటే అందులో ఏదో ఉన్నట్టే కదా అంటారు. ఆ గదిలో ఆమెతో పడుకున్న మనిషిని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే. కాబట్టి నేను చెప్తాను.

ముందు ఒక సంగతి. ఆమెను మొదటినుంచీ అనుమానించింది నేనే. దానికి సిగ్గుపడను. మాది ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్కులం, వాళ్ళది ప్రొటెస్టెంటు. పిల్లలిద్దరూ ఒకరినొకరు చూసుకుని ఖాయం చేసుకున్నాక, పెళ్ళి ఏ గుడిలో జరగాలన్న దగ్గర మేమిద్దరం గొంతులు చించుకున్నాం. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు ఆమె మంచినీళ్ళ గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసి తాగింది. నేను ఆమె తెచ్చిన స్వీటు డబ్బాను తిరగేసి అడుగు చూశాను. ఒకరినొకరం గమనించుకున్నాం. ఆ రోజునుంచి వదినా అంటే వదినా అనుకున్నాం గాని, ఆమె చేతి చాయ్ నేను వాసన చూడకుండా తాగలేదు, నా చేతి చాప ముక్క ఆమె ముళ్ళు వెతక్కుండా తినలేదు.

ఆమె భర్త బొగ్గుబావిలో పనిచేసి, పిల్లవాడు చిన్నగా ఉన్నప్పుడే పోయాడు. ఆమె అడవి అంచు దవాఖానాల్లో నర్సుగా చేసి, రిటైరై మణుగూరు కాలనీలో కొడుకు దగ్గర ఉంది. రిటైరైన సంవత్సరం తోటి నర్సులంతా కలిసి ఓడెక్కి వచ్చారట. మిగతావాళ్ళకు ఆ ఒక్కసారితో సరిపోయింది. ఈమెకు సరిపోలేదు. ప్రతి ఏడూ వానలు వెనకబట్టాక బ్యాగు సర్దేది. కొచ్చిలో ఎక్కింది, ముంబైలో ఎక్కింది, సింగపూరు పోయి అక్కడా ఎక్కింది. ఒక్కతే పోయేది. నల్లద్దాలు పెట్టుకునేది. తిరిగొచ్చాక ఫొటోలు చూపించమంటే “దియ్యలే వదినా” అనేది. అంత దూరం పోయి ఒక్క ఫొటో దిగని మనిషిని ఎవరు అనుమానించరు?

ఫొటోలు లేవు గాని అభిప్రాయాలు మాత్రం లెక్కలేనన్ని తెచ్చేది. పై అంతస్తు గదులు గొప్ప చెప్పుకునేవాళ్ళకు, కింద నడిమి గది కడుపు తిప్పేవాళ్ళకు అనేది. ఓడ ఎక్కగానే అందరూ అన్నాల దగ్గరికి ఉరుకుతారు, నువ్వు మాత్రం మెట్లెక్కడున్నయో చూసి రా అనేది. నువ్వు కూర్చోకముందే నవ్వేవాడు ఏదో అమ్మడానికి వచ్చాడని చెప్పేది. ఓడలో పెట్టే తిండి మీద ఆమెకు అస్సలు నమ్మకం లేదు. “నిన్నటి కోడే వదినా. ఇయ్యాల కరివేపాకు ఏసుకోని కొత్తగ వచ్చింది” అనేది. మరి అంత నమ్మకం లేనిదానివి మళ్ళీ మళ్ళీ ఎందుకు పోతున్నావంటే, నల్లద్దాలు తుడుచుకుంటూ కూర్చునేది. నా అనుమానం ఇంకో పిసరు పెరిగేది.

ఒకసారి పిల్లల సెలవులకు అందరం కలిసి గోదావరి మీద పాపికొండలు చూపించే లాంచీకి పోయాం. లాంచీ అతను తొందర పెడుతున్నాడు. ఆమె రేవులోనే నిలబడి, ఇచ్చిన లైఫ్ జాకెట్‌ను అటూ ఇటూ తిప్పింది.

“దీనికి తాడేది నాయనా?”

“ఊకె ఏస్కో అమ్మా. ఫొటోకు మంచిగుంటది.”

“తాడు లేంది జాకెట్ కాదు, దిండు. దిండు మీద పండుకుంటరు గాని గోదాట్ల దిగుతరా?”

వెనక వరసలో ఎవరో ఆడమనిషి మూతి తిప్పింది. “ఓడలెక్కిన దొరసాని గదా, మన లాంచీ యాడ కనిపిస్తది!” నేను అటు తిరిగి, “నీకు ఈతొస్తే నువ్వెక్కు తల్లీ, మాకు రాదు” అన్నాను. ఆ జాకెట్ల మీద నాకూ అనుమానమే. మేమిద్దరం రేవులో రాయిమీద కూర్చున్నాం. మేం కూర్చున్నామని ఇంకో కుటుంబం కూర్చుంది. చివరికి లాంచీ అతను పక్క లాంచీ నుంచి తాళ్ళున్నవి మోసుకొచ్చాడు. ఆమె ఎక్కిన ప్రతి మనిషి ముడినీ లాగి చూసింది, ఆ మూతి తిప్పినామె ముడితో సహా. ఆ రోజు నేను మొదటిసారి ఆమె పక్కన నిలబడ్డాను. అలాగని అనుమానం పోలేదు.

ఎక్కువైంది కూడా. కొత్తగూడెంలో ఓడ టికెట్లు చేసే అతను మా అల్లుడికి తెలిసినవాడు. ఒకసారి బంధువుల పెళ్ళిలో కలిసి, మాటల్లో, “మీ అమ్మ ఎప్పుడు ఇద్దరుండే గదే తీసుకుంటది, ఒక్కరికి గూడ ఇద్దరి కిరాయే పడ్తది” అన్నాడు. ఒక్కరికని వేరే గదులుండవని, రెండు మంచాల గది ఇస్తారని కూడా చెప్పాడు. ఆ రెండోమాట ఎవరి చెవికీ ఎక్కలేదు. రెండో మంచం అన్నది మాత్రం అందరికీ ఎక్కింది. ఆ మంచం మీద ఎవరు? పాత డాక్టరంట. కాదు, ఓడలోనే పనిచేసే ఎవరోనంట. ఈ మాటలన్నీ అన్నాలు తినే బంతిలోనే పుట్టాయి. నేనూ ఆ బంతిలో ఉన్నాను.

నా కూతురు ఆ ఇంట్లో బతకాలి. అందుకని నేరుగా మణుగూరు పోయి ఆమె ఎదురుగా కూర్చున్నాను.

“వదినా, ఈసారి నేను గూడ వస్త.”

“ఎందుకు?”

“సముద్రం చూద్దామని.”

“అబద్ధం. నువ్వు నన్ను చూస్తందుకు వస్తున్నవ్.”

“అవ్. గందుకే.”

ఆమె “మంచిది. రా. చెప్పుల్లేకుండ రాకు, ఓడ మీద ఇనుము కాల్తది” అంది.

విశాఖపట్నంలో ఎక్కాం. ఓడంటే పడవకు పెద్దక్క అనుకున్నాను. అది మణుగూరు కాలనీ ఇళ్ళన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి నీళ్ళలో వదిలినట్టుంది. గదిలో రెండు మంచాలు. తెల్ల దుప్పట్లు. గది సర్దే అతను, ఎక్కడో ఈశాన్యం వైపు వాడట, ఈమెను చూడగానే “మేడమ్” అని ముఖమంతా నవ్వాడు. పోయినేడూ ఇదే ఓడంట, ఇతనేనంట. నేను గుర్తు పెట్టుకున్నాను. మేం తిని వచ్చేసరికి మంచం మీద తువ్వాలతో ఏనుగు చేసి పెట్టి ఉంది.

“ఈడెందుకు నీకు ఏనుగులు చేస్తుండు వదినా?”

“అందరికి చేస్తడు.”

నేను బయటికి పోయి, తలుపులు తీసి ఉన్న గదుల్లోకి తొంగి చూసి వచ్చాను. నిజమే. ఒకరికి కోతి, ఒకరికి కుందేలు. ఒకామె నన్ను దొంగననుకుని అరిచింది.

ఎవరూ రాలేదు. ఫోనూ రాలేదు. అక్కడ మా ఊళ్ళో లాగే సిగ్నల్ లేదు. అయినా నేను వదల్లేదు. రెండో రోజు మధ్యాహ్నం, “నేను పైన గాలికి కూసుంట, పొద్దుగూకినంక వస్త” అని చెప్పి బయటికి పోయి, నాలుగు అడుగులు తిరిగి వెనక్కు వచ్చి తలుపు ఒక్కసారి నెట్టాను.

ఆమె నా మంచం దగ్గర వంగి ఉంది. నేను పడుకుని నలిపిన దుప్పటిని లాగి, మూలలు దవాఖానాలో మడిచినట్టు మడిచి, చేత్తో ముడతలు నిమిరి, తన మంచం మీదికి పోయి పక్కకు తిరిగి పడుకుంది. నా మంచం వైపే చూస్తోంది. నేను వచ్చింది చూసి కూడా లేవలేదు.

“ఏంజేస్తున్నవ్ వదినా?”

“చూస్తున్న.”

“ఏం చూస్తున్నవ్? ఆడ ఎవలు లేరు.”

“అవ్. ఎవలు లేరు. గదే చూస్తున్న.”

నేను తలుపు వేసి నిలబడ్డాను. ఆమె పడుకునే చెప్పింది. జ్వరాల రోజుల్లో వార్డులో ఒక్కో మంచానికి ఇద్దరు. అటు తల ఒకరు, ఇటు తల ఒకరు. మంచానికీ మంచానికీ నడుమ కింద ఇంకొకరు. లోపలి ఊళ్ళనుంచి జెట్టీల మీద, అంటే కర్రకు కట్టిన మంచాల మీద, మోసుకొచ్చేవారు. ఒకరు లేస్తే దుప్పటి వేడి ఆరకముందే ఇంకొకరు పడుకునేవారు. లేవకపోతే, మోసుకుపోయాక పడుకునేవారు. “నౌకరీ చేసినన్ని దినాలు ఖాళీ మంచం నేను చూడలే వదినా. నర్సులందరం పోయినప్పుడు నాతోటి వచ్చినామె కడుపుల తిప్పుతుందని వేరే గదికి పోయింది. పొద్దుగాల లేసి చూస్తే పక్కమంచం ఖాళీగున్నది. ముడత లేదు. మళ్ళ పండుకోని లేసి చూసిన. ఇంకా ఖాళీగనే ఉన్నది. గంత నిద్ర నాకెన్నడు పట్టలే.”

“ఇంట్ల ఇంకో మంచం ఏసుకోరాదు?”

“ఇంట్ల తలుపు కొడ్తరు. జరమొచ్చిందని ఒకలు, తేలు కుట్టిందని ఒకలు. వచ్చినోళ్ళను ఆ మంచం మీదనే పండవెడ్త గదా.”

ఈసారి ఓడలో ఆ ఖాళీ మంచాన్ని నేనే నింపాను. నా దుప్పటి తీసి కింద పరుచుకుని పడుకున్నాను. ఆమె చటుక్కున లేచి కూర్చుంది.

“లే వదినా.”

“నాకు పరుపు పడదు.”

“అబద్ధం. లే. నేనున్నకాడ కింద ఎవలు పండరు.”

ఆ గొంతు వదిన గొంతు కాదు. లేచి పైన పడుకున్నాను. ఆమె దుప్పటి కప్పి, కాళ్ళ దగ్గర దోపింది.

ఆ తరువాత రోజూ పొద్దున్నే లేచి, నాకు వచ్చినట్టు పక్క సర్ది, గాలికి పోతున్నానని పైకి పోయేదాన్ని. ఎండ నెత్తిమీదికి వచ్చేదాకా దిగేదాన్ని కాదు. అంత గాలి ఏం చేసుకుంటున్నావని ఆమె అడగలేదు. నన్ను నమ్మిందని కాదు. కనిపెట్టేసింది.

ఇక్కడిదాకా రాశాక నా కూతురు ఆమె తమ్ముణ్ణి, ఆ సారును, ఇంటికి పిలిచి, వదిన గదిలోనే కూర్చోబెట్టి చదివి వినిపించింది. కాలనీలో ఆ గది చిన్నది. ఆమె మంచానికి ఎదురుగా, వచ్చినవాళ్ళను పడుకోబెట్టే మంచం. ఆయన కుర్చీలో కూర్చుని విన్నాడు. అద్దాలు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

“ఇది నిజమేనా అమ్మా? అక్కను కాపాడుదామని చెప్తలేవు గదా?”

“నువ్వు ఓడెక్కినవా సారూ?”

“లేదు.”

“నేనెక్కిన. ఆమెను పట్టుకుందామనే ఎక్కిన. దొరికుంటే నీకంటే ముందు నేనే ఊరంత చెప్పేదాన్ని. నా సంగతి నీకెరుకే గదా.”

అది మాత్రం ఆయన నమ్మాడు. పుస్తకం గురించి ఇంకేమీ అనలేదు. లేచి, రెండడుగులు వేసి, ఎదురుగా ఉన్న రెండో మంచం మీద కూర్చున్నాడు. పొద్దున్నే నేను దుప్పటి మార్చి సర్దిన మంచం.

“లెవ్వు సారూ.”

ఆయన నావైపు చూశాడు.

“అది ఖాళీగుండాలె.”

ఆయన లేచాడు. కూర్చున్న చోట దుప్పటి గుంత పడింది. వంగి, అరచేత్తో ముడతలు అటూ ఇటూ నిమిరాడు. మూల మడవబోయాడు. ఆమె మడిచినట్టు రాలేదు. విప్పి మళ్ళీ మడుస్తున్నాడు.