మూడేళ్ల పాపకు అర టికెట్టు

మా సింధును మొదటిసారి చూసినవాళ్లెవరూ మూడేళ్ల పిల్ల అనుకోరు. బడికి ఎందుకు పంపట్లేదని నన్ను నిలదీస్తారు, నేను టీచర్ని కాబట్టి ఇంకాస్త గట్టిగా. పుట్టినప్పుడే నాలుగు కిలోలు దాటింది. నాలుక కాస్త పెద్దది, కుడికాలు ఎడమకాలి కన్నా లావు. చూడ్డానికొచ్చినవాళ్లు మురిసిపోతుంటే మా అత్తమ్మ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీస్తూనే ఉండేది. ఏడాది నిండాక హైదరాబాద్‌లో డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది. ఒంటి పెరుగుదలను అదుపులో ఉంచే జన్యువులు కొన్ని పదకొండో క్రోమోజోమ్‌లో ఉంటాయట. వాటిలో కొన్ని తల్లి వైపు నుంచి వచ్చినవే పనిచేయాలి, కొన్ని తండ్రి వైపువే. మా పిల్ల ఇంకా కడుపులో ఉండగానే ఆ ఏర్పాటు తప్పింది. "మీరు తిన్నదాని వల్లో చేసినదాని వల్లో కాదమ్మా" అంటే ఏడ్చేశాను. తర్వాతి మాటకు ఆ ఏడుపు కూడా ఆగిపోయింది. ఇలాంటి పిల్లల్లో చాలామందికి ఏమీ కాదు గానీ, చిన్నతనంలో కిడ్నీలోనో కాలేయంలోనో క్యాన్సర్ గడ్డ వచ్చే ప్రమాదం మిగతావాళ్లకన్నా ఎక్కువ. చూస్తూ ఉంటే చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవచ్చు. అందుకని ఎనిమిదేళ్లు వచ్చేదాకా మూడు నెలలకోసారి పొట్ట స్కానింగ్. మాకు దగ్గర ఖమ్మం.

మాది దుమ్ముగూడెం వైపు ఊరు. చీకటితోనే జీపులో భద్రాచలం చేరి ఆరింటి బస్సెక్కితే, గోదావరి దాటి పాల్వంచ, కొత్తగూడెం మీదుగా తొమ్మిదిన్నరకల్లా ఖమ్మంలో ఉంటాం. ఐదేళ్లు నిండని పిల్లలకు బస్సులో టికెట్టు అక్కర్లేదు, నిండితే అర టికెట్టు. స్కానింగ్‌కు ముందు నాలుగు గంటలు పిల్ల ఏమీ తినకూడదు కాబట్టి, బయల్దేరేముందే నిద్రలో ఉన్నదాన్ని లేపి పెరుగన్నం తినిపిస్తాను. బస్సులో అసలు చిక్కు తోటి ప్రయాణికుల ప్రేమతోనే. పిల్ల మూతి ముడిస్తే చాలు, నాలుగు సీట్ల నుంచి జామకాయలూ జంతికలూ వచ్చేస్తాయి.

ఆ రోజు నేనూ అత్తమ్మా పిల్లతో వెళుతుంటే పాల్వంచ దగ్గర కండక్టర్ వచ్చాడు. "పాపకెన్నేండ్లమ్మా?"

"ఐదు దాటినయ్ బిడ్డా. అర టికెట్ కొట్టు" అంది అత్తమ్మ.

"నువ్వొక్కదానివే నయం. అందరు ఐదు నిండలేదని లొల్లి పెడ్తరు" అని సంతోషంగా టికెట్టు చింపిచ్చాడు. ప్రతిసారీ అత్తమ్మది ఇంతే. వద్దని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. "ఐదంటే ఎవ్వరు పట్టించుకోరు. మూడంటే 'అబ్బో' అంటరు. ఆ అబ్బోకే గదా నా భయం" అంటుంది. పోనీలే, పెద్దావిడ ముచ్చట అని నేనూ ఊరుకునేదాన్ని.

ఖమ్మంలో దిగగానే మిర్చి మార్కెట్ ఘాటుకు సింధు తుమ్ములు మొదలుపెట్టింది. ఆటోలో స్కానింగ్ సెంటర్‌కు వెళ్లాం. పిల్లను బాత్రూమ్‌కు తీసుకెళుతూ పేరు రాయించమని అత్తమ్మకు చెప్పాను. ఎప్పుడూ చూసే డాక్టర్ సెలవట, కొత్తాయన ఉన్నాడు. జెల్లీ రాసి, తెర చూస్తూ, "ఐదున్నరేళ్లకు కిడ్నీల సైజు కరెక్టే. నార్మల్" అన్నాడు.

"ఐదున్నర ఏంటి సార్? దానికి మూడేళ్లే!"

ఆయన చెయ్యి ఆగింది. "మూడేళ్లా? కౌంటర్లో ఐదున్నర అని చెప్పారే! మూడేళ్లకైతే ఇవి పెద్దవి. ఎందుకు చేయిస్తున్నారు?" పిల్ల జబ్బు చెప్పాను. సంచిలోంచి పాత ఫిల్ములు తీసిచ్చాను. ఆయన మళ్లీ మొదటి నుంచీ చూడసాగాడు. గోడ పక్కన నిలబడ్డ అత్తమ్మ మొహం పాలిపోయింది. దిష్టి తగలకూడదని చెప్పిన అబద్ధం డాక్టర్ కళ్లనే కప్పింది. ఆ కాసేపూ నాకు ఆమె మీద ఎంత కోపం వచ్చిందో, ఆమెను చూస్తే అంత జాలీ వేసింది.

"కిడ్నీలు పెద్దవే, కానీ పోయినసారి లాగే ఉన్నాయి. గడ్డలేం లేవు. కాలేయం బాగుంది" అన్నాడు చివరికి. అత్తమ్మ అక్కడే కింద కూలబడి ఏడ్చింది.

బస్టాండ్ పక్క మెస్‌లో సింధు వరసగా ఇడ్లీలు లాగిస్తుంటే వడ్డించే ఆమె, "అబ్బో, మంచిగ తింటది!" అంది. నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమె తల కూడా ఎత్తలేదు. "తిననీ తల్లీ. పొద్దుగాల్నుంచి ఉపాసమున్నది" అంది.

తిరుగు బస్సులో కండక్టర్ అడగ్గానే అత్తమ్మే ముందుకొంగి, "మూడేండ్లు" అంది.

"చాల్లే అమ్మా! ఈ పిల్లకు మూడా? అందరు గిట్లనే చెప్తరు. అర టికెట్ తీసుకో."

"నిజం జెప్తే నమ్మవేంది! మూడే!" అని కొత్తగూడెం దాకా దెబ్బలాడింది. చివరికి నేనే అర టికెట్టు తీసుకున్నాను. నవ్వు ఆపుకోలేకపోయాను. నెలల తర్వాత నాకు అంత నవ్వు రావడం అదే.

మూడు నెలలకోసారి ఈ దారిలో వెళ్లొస్తుంటే భయం అలవాటైపోతుందని మొదట్లో అనుకున్నాను. కాలేదు. అత్తమ్మ భయమూ నా భయమూ ఒకటేనని మాత్రం ఆ రోజు తెలిసింది. ఆమె పిల్లను లోకం కంట పడకుండా దాచాలనుకుంది, నేను స్కానింగ్ కంట ఏదీ దాగకుండా చూడాలనుకున్నాను. ఇలాంటి పిల్లలతో వెళ్లేవాళ్లు పాత ఫిల్ములన్నీ వెంట తీసుకెళ్లండి, జబ్బు పేరూ పుట్టినతేదీ డాక్టర్‌కు మీ నోటితో చెప్పండి. మా ఇంట్లో ఇప్పుడు ఆ పని అత్తమ్మది. పుట్టిన ఘడియతో సహా చెబుతుంది.