పొయ్యి మీద వేలాడిన గిటారు

భీముడు గిటారు వాయిస్తుంటే ముడిఇనుము మోసే గూడ్సుబండి పాట అయ్యేదాకా అరకులోనే నిలబడిపోయేదని చెప్పుకునేవారు. పూర్తిగా అబద్ధం కాదు. ఆ బండ్లు పాట లేకపోయినా గంటల తరబడి నిలబడేవి.

భీముడు ఆ రైలుదారి మీద పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్. ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు రిటైరై వెళ్తూ, తీగలు మీటడం నేర్పి మరీ, తన ఎలక్ట్రిక్ గిటారును, దాని స్పీకరు పెట్టెను అతనికిచ్చి వెళ్లాడు. ఎప్పుడో యాభైలలో జర్మనీలో చేసింది. లోపల బోలు, పైన తేనెరంగు. విశాఖ నుంచి వచ్చిన బ్యాండు కుర్రాడొకడు దాన్ని చూసి నోరు తెరిచాడు.

"ఇలాంటివి దేశంలోనే ఎక్కువ లేవు, మావయ్యా!"

"మా ఊర్లోనూ అంతే బాబూ. ఇదొక్కటే," అన్నాడు భీముడు.

అరుదైనదన్న సంగతి అతనికి పట్టలేదు. అతనికి కావలసింది వేరే ఉంది. తొంభై ఆరు వానల్లో మలేరియా ముదిరి భార్య ఈశ్వరమ్మ చావు తప్పించుకుంది గానీ, చెవులు పోయాయి. పక్కనే డప్పు మోగినా తెలిసేది కాదు. ఒక సాయంత్రం అతను వాయిస్తుంటే ఊరికే స్పీకరు పెట్టె మీద చెయ్యి ఆనించింది. ఆ చెయ్యి మరి తియ్యలేదు.

"మావా! నా సేతిలో ఏదో పాకుతంది. మన పెళ్లినాడు ఆడిన దింసా కాదేటి?"

భీముడికి ఏడుపొచ్చింది. ఆనాటి నుంచి కరెంటున్న ప్రతి సాయంత్రమూ ఆ పాటే. ఉప్పూ నీళ్లూ అడగడానికి సైగలు చాలు. సైగలకు అందని మాటలన్నీ ఆ పెట్టెలోంచే ఆమెకు చేరేవి.

రెండువేల మూడు వానాకాలంలో సొరంగాల దగ్గర కొండచరియ పట్టాల మీద పడింది. భీముడు నెలంతా అక్కడే ఉండిపోయాడు. ఇంట్లో గోడలు చెమ్మగిల్లాయి, గిటారు మీద బూజు పట్టింది. ఈశ్వరమ్మ కంగారుపడింది. వానల్లో విత్తనాలనైనా డప్పునైనా కొండవాళ్లు పొయ్యి పైనే వేలాడదీస్తారు. పొగకు పురుగు చేరదు, సెగకు డప్పు బిగిసి ఖంగుమంటుంది. గిటారును కూడా ఆమె అక్కడే, పసిబిడ్డకు ఉయ్యాల కట్టినట్టు కట్టింది.

భీముడు వచ్చేసరికి గుమ్మంలోనే ఎదురైంది.

"సూడు మావా, సుక్క తేమ అంటనీలేదు! ఇంక డప్పులాగ మోగుద్ది. బేగి వాయించు."

అతను గిటారు దించాడు. సెగకు జిగురు కరిగి మెడ ఊడిపోయింది. పైచెక్క నిలువునా పగిలింది. సడలిన తీగలే రెండు ముక్కలనూ పట్టుకుని ఉన్నాయి.

తిరిగి చూస్తే ఆమె మొహం వెలిగిపోతోంది.

భీముడు గోడవైపు తిరిగి, మెడను చోటులో నొక్కి, భుజం మీది తువ్వాలుతో బిగించి కట్టాడు. స్పీకరు పెట్టె ఆన్ చేసి కూర్చున్నాడు. తీగ మీటితే మెడ మళ్లీ ఊడుతుంది. అందుకని వేళ్లతో చెక్క మీదే దింసా అడుగులు తట్టాడు. పెట్టె మెల్లగా అదిరింది.

ఈశ్వరమ్మ అరచెయ్యి ఆనించింది. పాట కోసం చూసింది.

"ఏటి మావా, అడుగులే వత్తన్నాయి. మనుసులు పాడ్డం లేదేటి?"

అతను తల వంచుకున్నాడు. వేళ్లు మాత్రం ఆపలేదు.

"వత్తారులే, దూరాన ఉన్నట్టున్నారు. నువ్వు ఆపకు," అంది ఈశ్వరమ్మ, రెండో చెయ్యి కూడా పెట్టె మీద పెడుతూ.