స్టిక్కర్ ఊడదీసిన చిప్

2023 వేసవి. తెనాలిలో నాది కంప్యూటర్ల రిపేరు షాపు. ఈ రోజుల్లో వచ్చేవన్నీ సీసీ కెమెరాల పనులే. ఎప్పుడో ఒక పాత బోర్డు వస్తుంది. దానికోసమే షాపు తెరుస్తున్నానని ఇంట్లో నన్ను ఎగతాళి చేస్తారు.

ఆ రోజు రేపల్లె నుంచి రాజ్యలక్ష్మిగారు వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. చీరముక్కలో చుట్టిన సర్క్యూట్ కార్డు ఒకటి టేబుల్ మీద పెట్టారు. కంప్యూటర్ తెరమీద తెలుగు కనపడేలా ఎనభైల్లో వాళ్లాయన చేసిన కార్డు అది. ఆయన కాలేజీ ల్యాబులో పనిచేసేవారు. ఆవిడ పుట్టిల్లు చీరాల, నేతపని వాళ్లు. గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపుతూ చీర అంచులు గీసిన చేత్తోనే ఆవిడ అక్షరాలు గీస్తే, ఆయన చిప్‌లోకి ఎక్కించారు. ఆ కాగితాలు తుఫానులో పోయాయి. తర్వాత ఆయనా పోయారు.

ఆయన పని నలుగురికీ తెలియాలని ఆవిడ కార్డు ఫోటోను పాత కంప్యూటర్ల అభిమానుల గ్రూపులో పెట్టారు. అక్కడి పెద్దమనుషులు నాకు కొత్త కాదు. ఒక ఫోటో పెడితే ఇంకో ఫోటో అడుగుతారు తప్ప ఒకరి మాట ఒకరు నమ్మరు. కార్డు ఇంకెవరిదో, ఇదంతా కట్టుకథ అని తేల్చేశారు.

“మా ఆయన్ని దొంగంటున్నారు బాబూ. ఇందులో అక్షరాలున్నాయని తీసి చూపించు, చాలు.”

ఆ కార్డు మీద ఉన్నది ఈప్రామ్ అనే రకం చిప్. కరెంటు లేకపోయినా అందులో ఎక్కించింది ఏళ్ల తరబడి నిలుస్తుంది. కానీ దాని మధ్యలో చిన్న గాజు కిటికీ ఉంటుంది. అందులోంచి ఎండ పడుతూ ఉంటే లోపలిది చెరిగిపోతుంది. అందుకే కిటికీ మీద స్టిక్కర్ అంటిస్తారు. దీని మీద స్టిక్కర్ లేదు.

“స్టిక్కర్ ఎవరు తీశారమ్మా?”

“నేనే. దానికింద నంబరు చూపించమన్నారు. వెలుగు చాల్లేదంటే డాబా మీద పిట్టగోడ మీద పెట్టాను. రోజూ ఎవరో ఒకరు ఇంకో ఫోటో అడుగుతుంటే అక్కడే ఉంచేశాను.”

చిప్‌ని రీడర్‌లో పెట్టాను. ఖాళీ. తీసి మళ్లీ పెట్టాను. ఖాళీయే. చెప్పక తప్పలేదు.

“అయితే నా చేత్తోనే తుడిచేశానా?”

ఆ నిమిషం ఈ పనిలోకి ఎందుకొచ్చానా అనిపించింది.

“అక్షరాలు మళ్లీ గీయొచ్చు కదమ్మా.”

“గీస్తాను. నిన్న గీసినవంటారుగా.”

ఆవిడ చెప్పమంటే జరిగింది ఉన్నదున్నట్టు గ్రూపులో రాశాను. ఆవిడ టీ తాగేలోపే, నంబరు చూపించమన్న పెద్దమనిషే జవాబిచ్చాడు. ఎండ తగలకూడదని కూడా తెలియని ఇంట్లో ఈ కార్డు తయారైందంటే నమ్మాలా అని. దానికి బోలెడు లైకులు. ఆవిడ నా ఫోన్‌లోనే చదువుకున్నారు. పర్సులోంచి ఆ స్టిక్కర్ తీశారు.

“మళ్లీ అంటించు బాబూ.”

దానిమీద వాళ్లాయన చేతిరాత ఉంది: ‘లక్ష్మి అక్షరాలు’. ఖాళీదని తెలిసీ జాగ్రత్తగా అంటించాను.

ఇప్పుడు పాత బోర్డు ఏది వచ్చినా ముందు ఆ గాజు మీద నల్ల టేపు అంటిస్తాను. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు అని ఆ తర్వాతే అడుగుతాను.